తోలు బిళ్ళ చుట్టూ పూసల గట్టు: పెండెంట్ కుట్టే పద్ధతి

మగ్గం వర్క్ చేతికొచ్చినవాళ్లు నగల వైపు రాగానే ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మధ్యలో తోలు బిళ్ళ పెట్టి చుట్టూ పూసలు కుట్టాను. నెల తిరగకుండానే బిళ్ళ కదులుతోంది. ఏ జిగురు వాడాలి?"

ఇది జిగురుతో తీరే సమస్య కాదు. బిళ్ళను పట్టి ఉంచాల్సింది పూసల గట్టు, అంటే బిళ్ళ అంచు చుట్టూ పైకి లేచే పూసల గోడ. కుట్టు అయ్యేదాకా బిళ్ళ పక్కకు జరగకుండా చూడటమే జిగురు పని. గట్టు బాగానే కుట్టినా బిళ్ళ కదులుతోందంటే, చాలాసార్లు తోలు పూర్తిగా ఆరకముందే కుట్టేసి ఉంటారు. తడి తోలు ఆరాక ముడుచుకుంటుంది. గట్టు మాత్రం కుట్టిన కొలతలోనే ఉండిపోతుంది. మధ్యలో మిగిలిన ఆ సందులోనే బిళ్ళ ఆడుతుంది.

ఇక్కడ చేయబోయే పెండెంటుకు మధ్యలో 27 మి.మీ. ఉబ్బెత్తు తోలు బిళ్ళ, దాని చుట్టూ పూసల గట్టు, బయట రెండు వరసల పూసలు, వెనక మెత్తటి తోలు ఉంటాయి. మొత్తం వెడల్పు దాదాపు 45 మి.మీ. వస్తుంది. తోలు ఆరడానికి ఒక రోజు పక్కన పెట్టుకోండి. కుట్టు ఒకే కూర్చోవడంలో ముగించాలని చూడకండి. చెయ్యి అలిసిపోతే దారం బిగువు మారిపోతుంది, ఆ తేడా గట్టులో కనిపిస్తుంది.

కావలసినవి

బిళ్ళకు తోలు: 1 మి.మీ. మందం ఉన్న వెజ్ టాన్ తోలు, 6 సెం.మీ. చదరం ముక్క. వెజ్ టాన్ అంటే చెట్ల బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు. దక్షిణాదిలో పాతకాలం నుంచీ ఈ పనికి వాడుతున్నది తంగేడు బెరడు, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడుదే. దుకాణంలో ఎక్కువగా దొరికేది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. అది మెత్తగా, రంగురంగుల్లో బాగుంటుంది కానీ తడిపి నొక్కితే ఆకారం నిలవదు, ఆరేసరికి మళ్లీ చదునైపోతుంది. తేడా తెలుసుకోవాలంటే కోసిన అంచు చూడండి. లోపలి దాకా గోధుమ రంగు ఉంటే వెజ్ టాన్. మధ్యలో నీలం, బూడిద రంగు చార ఉంటే క్రోమ్. రంగు వేసిన తోలైతే వెనకవైపు ఒక నీటిచుక్క వేయండి. వెజ్ టాన్ వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది.

వెనకవైపుకు: 0.5 నుంచి 0.7 మి.మీ. మందం ఉన్న మెత్తటి గొర్రె తోలు లేదా మేక తోలు, 6 సెం.మీ. చదరం. ఇది క్రోమ్ తోలైనా ఫర్వాలేదు, నిజానికి అదే నయం. చెమటకు రంగు తక్కువ దిగుతుంది.

బిళ్ళ లోపలికి: అడుగు చదునుగా, పైన ఉబ్బెత్తుగా ఉండే 25 మి.మీ. గాజు బిళ్ళ, ఎత్తు 6 మి.మీ. దొరక్కపోతే ఎం‑సీల్‌తో అదే కొలతలో గుమ్మటం చేసుకుని, గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో నున్నగా రుద్దుకోండి.

అడుగు గుడ్డ: 1 నుంచి 1.5 మి.మీ. మందం ఉన్న గట్టి ఫెల్ట్, 8 సెం.మీ. చదరం. లేకపోతే టైలర్లు కాలర్లో వేసే బక్రం రెండు పొరలు కలిపి అంచుల్లో టాకాలు వేసుకోండి.

పూసలు:
- గొట్టం ఆకారం పూసలు 11/0 (మియుకి డెలికా, టోహో ట్రెజర్ లాంటి బ్రాండ్లవి): గట్టుకు. 11/0 అనేది పూస సైజు, ముందున్న అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. దాదాపు 170 పడతాయి. 2 గ్రాములు తెచ్చుకుంటే వంకర పూసలు ఏరి పారేసినా సరిపోతాయి.
- 15/0 గుండ్రటి పూసలు: గట్టు పై అంచుకు, 70 దాకా. 1 గ్రాము చాలు.
- 8/0 గుండ్రటి పూసలు: బయటి మొదటి వరసకు, 50 నుంచి 55.
- 11/0 గుండ్రటి పూసలు: బయటి రెండో వరసకూ అంచుకూ కలిపి 150 పైచిలుకు, అంటే 2 గ్రాములు.

గట్టుకు మాత్రం ఖర్చుకు వెనకాడకండి. బేగంబజార్లో కిలో లెక్కన దొరికే మగ్గం పూసలు బ్లౌజు మీద అందంగానే ఉంటాయి. కానీ ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటే గట్టు నిటారుగా నిలబడదు. బయటి వరసలకు అవి వాడుకోవచ్చు. శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేట గాజు గొట్టాన్ని లాగి పూసలు చేసే పాత పద్ధతికి పేరున్న ఊరు. అలాంటి చేతి పూసలు దొరికితే 8/0 వరస స్థానంలో వేయండి. వాటి హెచ్చుతగ్గులు అక్కడ అందమే.

దారం: 0.15 మి.మీ. అల్లిక దారం (ఫైర్‌లైన్ లాంటిది), 6 మీటర్లు. చేపల గాలాల సామాను అమ్మే చోట ఇలాంటి అల్లిక దారం దొరుకుతుంది. గాజులా కనిపించే ఒంటి పోగు నైలాన్ తీగ వద్దు. అది రోజులు గడిచేకొద్దీ సాగుతుంది, గట్టు వదులవుతుంది. నూలు దారాన్ని గాజు పూస అంచు కోసేస్తుంది.

సూదులు: పూసల సూది 10 నంబరు, 12 నంబరు. తోలుకు మూడంచుల మొన ఉన్న తోలు సూది సన్న సైజుది ఒకటి. మగ్గం వర్క్‌లో వాడే ఆరి సూది ఈ పనికి పక్కన పెట్టేయండి. ఆరితో వేసేది గొలుసు కుట్టు. ఒకచోట తెగితే వరస మొత్తం ఊడుతుంది. చీర మీద పూసకు రాపిడి తక్కువ, మెడలో వేలాడే నగకు రోజూ రాపిడే.

జిగురు: చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు సొల్యూషన్ లేదా నగలకు వాడే మెత్తగా ఆరే జిగురు. ఫెవిక్విక్ వద్దు. అది ఆరాక గాజులా పెళుసవుతుంది, తోలు మీద తెల్లటి మచ్చ వదులుతుంది, సూది దిగదు. రబ్బరు సొల్యూషన్ ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసి పని చేయండి.

ఇంకా: పదునైన బ్లేడు, పది రూపాయల నాణెం (దాని వెడల్పు సరిగ్గా 27 మి.మీ.), 28 మి.మీ. రంధ్రం చేసిన చెక్క ముక్క, పాత ఐస్‌క్రీమ్ డబ్బా మూత.

మొదటి భాగం: తోలు బిళ్ళ

1. తోలును 6 సెం.మీ. గుండ్రంగా కోయండి. సాగదీసి చూసి, అన్నివైపులా ఒకేలా సాగే చోటే తీసుకోండి. పొట్ట దగ్గరి తోలు ఒకవైపే ఎక్కువ సాగుతుంది, బిళ్ళ కోలగా వస్తుంది.

2. గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. బుడగలు రావడం ఆగేదాకా, దాదాపు ఒక నిమిషం ఉంచితే చాలు. వేడి నీళ్లు పోస్తే తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం.

3. తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి 20 నిమిషాలు పక్కన పెట్టండి. పైన రంగు దాదాపు మామూలుగా కనిపిస్తూ, చేత్తో తాకితే చల్లగా ఉండాలి. నొక్కడానికి అదే అదను. నీళ్లు కారుతుండగా నొక్కితే ఆకారం పడుతుంది కానీ నిలవదు.

4. గాజు బిళ్ళకు పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి చదునైన పలక మీద పెట్టండి. తోలు నున్నటి వైపు పైకి ఉండేలా దాని మీద పరచి, నడినెత్తి నుంచి కిందికి బొటనవేళ్లతో సాగదీస్తూ నొక్కండి. తర్వాత 28 మి.మీ. రంధ్రం ఉన్న చెక్క ముక్కను పైనుంచి దించి గట్టిగా అదిమి, మీద బరువు పెట్టండి. చెక్క ముక్క లేకపోతే బిళ్ళ అడుగున చుట్టూ సన్నటి పురికొస బిగించి కట్టినా పని జరుగుతుంది, ముడతలు కాస్త ఎక్కువ పడతాయి. గోళ్లు తగలనీయకండి. తడి తోలు మీద గోటి గీత అచ్చులా ఉండిపోతుంది.

తడి వెజ్ టాన్ తోలుకు ఇనుము తగలకూడదు. గుండుసూది గుచ్చినా, తుప్పు పట్టిన క్లిప్పు పెట్టినా నల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. తోలులోని బెరడు రసానికీ ఇనుముకూ పడే నలుపు అది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నల్ల గీత వచ్చేదీ ఇలాగే. బిళ్ళ నల్లగా కావాలనుకుంటే ఇదే దారి: ఇనుప పీచును వెనిగర్‌లో వారం నానబెట్టి, వడకట్టి, కుంచెతో పూయండి. మూత బిగించకండి, గ్యాసు వస్తుంది.

5. నీడలో, ఫ్యాను గాలికి ఒక రోజు ఆరనివ్వండి. వానాకాలంలో, తీర ప్రాంతంలో రెండు రోజులు. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ వాడినా పైపొర ముందు ఆరి పగుళ్లిస్తుంది.

ఆరిందో లేదో కంటితో తేల్చకండి. మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. నగల త్రాసు ఉంటే ఇంకా మంచిది. మూడు గంటల తేడాతో రెండుసార్లు తూచండి. బరువు మారకపోతే ఆరినట్టు.

6. రంగు వేయాలనుకుంటే ఇప్పుడే, గాజు బిళ్ళ నుంచి విడదీయకముందే వేయండి. పలచగా రెండు మూడు పూతలు. పూర్తిగా ఆరాక తెల్ల గుడ్డతో ఇరవైసార్లు రుద్దండి. గుడ్డకు రంగు అంటుతుంటే, అంటడం ఆగేదాకా పొడి గుడ్డతో తుడవండి. ఆ తర్వాతే పైన తోలు లక్క పూత గానీ, నీటి ఆధారిత యాక్రిలిక్ పూత గానీ వేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాయకండి. తోలు నల్లబడటం అటుంచి, నూనె మెల్లగా కింది ఫెల్ట్‌లోకి దిగి జిగురును వదులు చేస్తుంది.

7. తోలును పైకి తీసి, ప్లాస్టిక్ కాగితం తొలగించి, గాజు బిళ్ళ మీద పలచగా జిగురు రాసి మళ్లీ తొడగండి. ఆరాక అడుగున మిగిలిన తోలును బ్లేడుతో గాజు అంచు వెంబడి కోసేయండి. బ్లేడు నిటారుగా ఉండాలి. అంచు ఎలా కనిపిస్తుందోనన్న బెంగ వద్దు, గట్టు దాన్ని కప్పేస్తుంది. కానీ అడుగు చదునుగా ఉండి తీరాలి. గాజు పలక మీద పెట్టి వేలితో తట్టండి. టకటకమని ఊగితే ఉప్పు కాగితం మీద అడుగు రుద్ది సరిచేయండి.

నాణెం మీద పెట్టి పోల్చండి. బిళ్ళ నాణెం కంటే 1 మి.మీ. అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు. కింద చెప్పే పూసల లెక్క మాత్రం మారుతుంది.

రెండో భాగం: గట్టు

8. ఫెల్ట్ మధ్యలో నాణెంతో గీత గీయండి. బిళ్ళ అడుగున జిగురు రాసేటప్పుడు అంచు నుంచి 3 మి.మీ. వదిలేయండి. సూది వెళ్లే చోట జిగురు ఉంటే దారం పట్టేస్తుంది, లాగితే తెగుతుంది. అంటించి గంటసేపు బరువు కింద పెట్టండి.

9. దారం ఒకటిన్నర మీటరు తీసుకోండి, ఒంటి పేట. ముడి వేసి, బిళ్ళ పక్కనే ఫెల్ట్ కింది నుంచి సూది పైకి తీయండి. బిళ్ళ అంచుకూ సూదికీ మధ్య అర పూస దూరం, అంటే 1 మి.మీ. కంటే కాస్త తక్కువ ఉండాలి. సూది తోలులోకి గుచ్చుకోకుండా చూడండి. బట్టకు సూది పోటు పడినా గోటితో రుద్దితే మూసుకుపోతుంది. తోలులో పడిన చిల్లు అలాగే ఉంటుంది.

10. నాలుగు గొట్టం పూసలు ఎక్కించి బిళ్ళ వెంబడి ఆనించండి. నాలుగో పూస చివర సూది కిందికి దించండి. రెండో, మూడో పూసల మధ్య పైకి తీసి, మూడు, నాలుగు పూసల్లోంచి మళ్లీ దూర్చండి. ఇదే బ్యాక్ స్టిచ్. చుట్టూ ఇలాగే సాగండి.

11. ఇంకా పది పూసలు పట్టేంత చోటు ఉండగా ఆగి లెక్కపెట్టండి. మొత్తం సరి సంఖ్య రావాలి. 27 మి.మీ. బిళ్ళకు 66 నుంచి 70 మధ్య వస్తుంది. 67 దగ్గర ఆగేలా ఉంటే ఆఖరి పది పూసల్లో కొంచెం సన్నవి ఏరి 68 పట్టించండి, లేదా కొంచెం లావువి వేసి 66కి సర్దండి. బేసి సంఖ్యతో మూసేసి, పై వరసలో సర్దుకుందాం అనుకుంటే ఎక్కడో ఒకచోట రెండు పూసలు పక్కపక్కన పడి గట్టుకు బొడిపె వస్తుంది.

12. వరస మూశాక దారాన్ని అన్ని పూసల్లోంచీ ఒక చుట్టు తిప్పండి. వంకరగా ఉన్న పూసలన్నీ వరసలోకి వస్తాయి. చాలామంది వదిలేసేది ఈ ఒక్క చుట్టునే.

13. ఇప్పుడు గట్టు లేస్తుంది. ఒక పూస ఎక్కించి, కింది వరసలో ఒక పూసను వదిలి, దాని పక్క పూసలోంచి దూర్చండి. మళ్లీ ఒక పూస, మళ్లీ ఒకటి వదలడం. 68 పూసల వరస మీద 34 పూసలు పడతాయి. చుట్టు ముగిసినప్పుడు, ఈ చుట్టులో వేసిన మొదటి పూసలోంచి కూడా సూది దూర్చి పైకి ఎక్కండి. ఈ ఎక్కడం మరిచిపోతే తర్వాతి వరస ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, గట్టు మెలితిరుగుతుంది. ఎక్కిన చోట చిన్న రంగు దారం ముక్క గుర్తుగా పెట్టుకోండి.

14. ఇలా మూడు చుట్లు గొట్టం పూసలతో. రెండో చుట్టు అయ్యేదాకా గట్టు తూలుతూనే ఉంటుంది, కంగారుపడకండి. మూడో చుట్టులో ప్రతి పూసకూ దారం లాగి బిగించండి.

15. 12 నంబరు సూదికి మారి, రెండు చుట్లు 15/0 పూసలతో. పూస చిన్నదయ్యేసరికి గట్టు లోపలికి వాలి బిళ్ళను పట్టుకుంటుంది. రాయి చుట్టూ కుట్టేటప్పుడు ఇక్కడ బలంగా లాగుతారు. తోలు దగ్గర అలా లాగకండి. ఎక్కువ బిగిస్తే పూసలు తోలులోకి దిగి చుట్టూ గాడి పడుతుంది, నెల తర్వాత ఆ గాడిలోనే పైపూత పగులుతుంది. పూస తోలును తాకాలి, నొక్కకూడదు.

చూసుకోవడం ఎలా: బిళ్ళను బొటనవేలితో పక్కకు నెట్టండి. కదలకూడదు. తలకిందులు చేసి చెవి దగ్గర ఊపండి. చిన్న టక్కుమనే శబ్దం వచ్చినా లోపల గాజు బిళ్ళ తోలు నుంచి విడివడిందని అర్థం, ఇప్పుడే విప్పి అంటించాలి. దీపానికి ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. గట్టుకూ తోలుకూ మధ్య వెలుగు గీత ఎక్కడా కనిపించకూడదు. ఒకచోట మాత్రమే కనిపిస్తే అక్కడ ఇంకో చుట్టు దారం తిప్పి బిగించండి. చుట్టూ కనిపిస్తే 15/0 చుట్టు ఇంకొకటి వేయండి.

దారాన్ని కింది వరసలోకి దించి, ఫెల్ట్ వెనక రెండు చిన్న కుట్లు వేసి ముగించండి. పూసల మధ్య ముడి వేయకండి. ఆ పూసలో మళ్లీ సూది దూరదు.

మూడో భాగం: బయటి వరసలు, వెనక తోలు

16. గట్టును ఆనుకుని 8/0 పూసల వరస, అదే బ్యాక్ స్టిచ్, ఈసారి రెండేసి పూసలతో. దాని బయట 11/0 గుండ్రటి పూసల వరస. వరసల మధ్య ఫెల్ట్ కనిపించకూడదు, అలాగని పూసలు ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. ఎక్కుతుంటే సూదిని అర మి.మీ. బయటికి జరపండి.

17. బయటి వరస నుంచి 1 మి.మీ. వదిలి ఫెల్ట్‌ను కత్తిరించండి. వెనకవైపు దారాలు తెగుతాయేమో ముందే చూసుకోండి. ఒక్క దారం తెగినా ఆ వరస విప్పి మళ్లీ కుట్టాల్సిందే, జిగురు వేసి సర్దుకుంటే మూడు రోజుల్లో పూసలు రాలతాయి.

18. ఐస్‌క్రీమ్ డబ్బా మూత నుంచి, ఫెల్ట్ కంటే చుట్టూ 4 మి.మీ. చిన్నగా ఉండే ముక్క కోసి వెనక అంటించండి. ఇది లేకపోతే పెండెంట్ ముందుకు వంగుతుంది. పెద్దగా కోస్తే అంచు కుట్టేటప్పుడు సూది దానికి తగులుతుంది.

19. వేలాడదీసే కొక్కెం: అదే మెత్తటి తోలు 8 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. పొడవు. రెండుగా మడిచి, రెండు కొసలనూ ఫెల్ట్ వెనక 8 మి.మీ. లోపలికి పెట్టి కుట్టండి. ఒకే చోట గుచ్చి గుచ్చి కుట్టకండి, తోలు తపాలా బిళ్ళ అంచులా చిరుగుతుంది. 2 మి.మీ. దూరంతో ఆరు కుట్లు చాలు. కుట్టాక గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే ఇప్పుడే ఊడనివ్వండి.

20. వెనక తోలుకు జిగురు రాసి అంటించండి. ఈసారి కూడా అంచున 3 మి.మీ. వదలండి. రబ్బరు సొల్యూషన్ అయితే రెండువైపులా రాసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. కలిపాక జరపలేరు. తోలును లాగి పరిస్తే తర్వాత ముడుచుకుని పెండెంట్ దోనెలా వంగుతుంది, ఊరికే మీద వేసి నొక్కండి. ఆరాక, ఫెల్ట్ అంచుతో సమానంగా కోయండి.

21. అంచు కుట్టు. తోలు సూదితో ముందే చిల్లులు పెట్టుకుంటే చెయ్యి నొప్పి ఉండదు. అంచు నుంచి 2 మి.మీ. లోపలికి, చిల్లుకూ చిల్లుకూ మధ్య 2 మి.మీ., అంటే ఒక 11/0 పూస వెడల్పు. తర్వాత పూసల సూదితో రెండు పొరల మధ్య నుంచి ముందుకు తీసి, రెండు పూసలు ఎక్కించి, పక్క చిల్లులో వెనకనుంచి ముందుకు తీయండి. రెండో పూసలోంచి కిందినుంచి పైకి దూర్చండి. అక్కడినుంచి ఒక్కొక్క పూసే: ఎక్కించడం, పక్క చిల్లులో తీయడం, అదే పూసలోంచి పైకి దూర్చడం. 65 పూసల దాకా పడతాయి. చివర్లో మొదటి పూసలోంచి కిందికి దించి, పొరల్లోంచి ఒక కుట్టు వేసి, మళ్లీ మొదటి పూసలోంచే పైకి తెచ్చి కలపండి.

చివర ఒకటిన్నర పూస చోటు మిగిలితే ఒక పూస వేసి ఊరుకోండి. చుట్టుపక్కల నాలుగైదు పూసలను వేలితో జరిపితే సందు కనిపించదు. రెండు ఇరికిస్తే అక్కడ అంచు పైకి లేస్తుంది.

అంచును వేలితో ఒక చుట్టు తడిమి చూడండి. పూసలన్నీ ఒకే వైపు నిలబడాలి. ఒక పూస పడుకుని ఉంటే దాని కింద కుట్టు వదులుగా ఉన్నట్టు, ముందుకెళ్లకముందే సరిచేయండి.

ఎక్కడ తప్పు జరుగుతుంది

దారం పదేపదే తెగుతోంది: ఎక్కువసార్లు తప్పు పూసది. రంధ్రం అంచు పగిలిన పూస బ్లేడులా కోస్తుంది. తెగిన చోట ఉన్న పూసను పారేయండి, దారాన్ని కాదు. ఒకే పూసలోంచి నాలుగోసారి సూదిని బలవంతంగా లాగినా పూస పగులుతుంది, ముఖ్యంగా 15/0.

వరసలో పూస ఒకటి ఎక్కువైంది: విప్పక్కర్లేదు. పూస రంధ్రంలోకి సన్నటి సూది దూర్చి ఉంచి, శ్రావణంతో పూసను బయటివైపుకు నొక్కి పగలగొట్టండి. సూది లేకుండా నొక్కితే గాజు ముక్క దారాన్ని కోస్తుంది. కళ్లజోడు పెట్టుకోండి.

పూసల రంగు వెలిసింది: వెండి, బంగారు పూత పూసలూ, పైన రంగు వేసిన గులాబీ, ఊదా పూసలూ చెమటకు వెలుస్తాయి. కుట్టకముందే నాలుగు పూసలను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో పది నిమిషాలు వేసి, తీసి తెల్ల కాగితం మీద రుద్దండి. రంగు దిగితే అవి అంచుకూ, మెడకు తగిలే చోటుకూ వద్దు.

బిళ్ళ మీద తెల్లటి బూజు: ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూసేశారు. పొడి గుడ్డతో తుడిచి గాలికి పెట్టండి. తోలు నగను గుడ్డ సంచిలో, సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచాలి. సెంటు కొట్టుకున్నాక నగ వేసుకోవడం కాదు, ముందు సెంటు, అది ఆరాక నగ.

బొమ్మల తోలుతో చేయాలనుకుంటే

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేక తోలును వెలుగు దూరేంత పలచగా చేసి, రంగులు వేసి, చిల్లులతో అలంకరిస్తారు. బొమ్మలతో పాటు దీపపు తొడుగులూ చేస్తున్నారు. ఆ తోలు ముక్క పెండెంటులో వేస్తే గొప్పగా ఉంటుంది, కానీ పైన చెప్పిన పద్ధతి దానికి పనికిరాదు. అది పదును చేసిన తోలు కాదు, తడిపితే ఉబ్బి మెత్తబడుతుంది, ఆరాక వంకర తిరుగుతుంది. కాబట్టి తడపడం, గుమ్మటం చేయడం వద్దు. చదునుగానే వాడండి.

ఆ ముక్క కింద 2 మి.మీ. తెల్ల ఫెల్ట్ వేయండి. వెనక తెలుపు ఉంటేనే ఆ రంగులు వెలుగుతాయి, నల్ల ఫెల్ట్ మీద చచ్చిపోతాయి. జిగురు చాలా తక్కువగా, నడిమధ్యన ఒక చుక్క వేయండి, లేకపోతే మరక పైకి కనిపిస్తుంది. మొత్తం ఎత్తు 3 మి.మీ. లోపే ఉంటుంది కాబట్టి గట్టు మొదటి వరస మీద గొట్టం పూసలు ఒక్క చుట్టు, 15/0 రెండు చుట్లు చాలు. మూడు చుట్లు వేస్తే గట్టు తోలు మీద పడిపోయి బొమ్మను కప్పేస్తుంది. గాలిలో తేమకు ఇది అటూ ఇటూ కదులుతుంది గనక గట్టులో వెంట్రుకవాసి వదులు ఉండనివ్వండి. ఇక్కడ మాత్రం దీపం పరీక్షలో సన్నటి వెలుగు గీత కనిపించినా తప్పు కాదు.

చెవి దుద్దులకు 16 మి.మీ. గాజు బిళ్ళ, 0.8 మి.మీ. తోలు తీసుకోండి. గట్టు మొదటి వరసకు 44 నుంచి 48 పూసలు పడతాయి. రెండు బిళ్ళలకూ తోలు ఒకే ముక్కలో పక్కపక్కన కోసి, ఒకేసారి తడిపి, ఒకేసారి రంగు వేయండి. వేరువేరు రోజుల్లో చేస్తే జత రంగు కలవదు.